సంతకం పెట్టేవాడి భయం

రాజమహేంద్రవరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

కౌలు రైతు కోసం ఇన్ని చట్టాలుండగా అతనికి బ్యాంకులో అప్పెందుకు పుట్టడం లేదని అడిగావు. పరపతి విధానం చదువుకుంటున్నదానివి గనక వివరంగానే రాస్తున్నాను.

మన డెల్టాలో పొలం ఉన్నవాళ్లు చాలామంది పట్నాల్లో స్థిరపడ్డారు. చేలో దిగేది ఎక్కువగా కౌలు రైతులే. వాళ్లను ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకూడదని 1956లో ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం తెచ్చారు. 1974లో సవరించి ఇంకా బిగించారు. కౌలు రాతపూర్వకంగా ఉండాలి, గడువు కనీసం ఆరేళ్లుండాలి, పొలం అమ్మదలిస్తే ముందు కౌలుదారునే అడగాలి. ఉద్దేశం ఎంతో మంచిది. కాని కాగితం రాసిస్తే పొలం మళ్లీ చేతికి రాదన్న భయం యజమానులకు పట్టుకుంది. కౌళ్లన్నీ నోటిమాట మీదికి పోయాయి. ఒకరి చేతిలో ఎక్కువకాలం ఉంచకుండా కౌలుదార్లను మార్చడమూ అలవాటైంది.

బ్యాంకుకేమో కాగితమే కావాలి. పాసుపుస్తకం యజమానిది, కాబట్టి పంట రుణమూ ఆయనకే. కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ వల్ల 3 లక్షల రూపాయల దాకా ఏడాదికి 7 శాతానికి, గడువులోగా తీరిస్తే 4 శాతానికే ఆ రుణం దొరుకుతుంది. అదే పొలం మీద మరొకరికి పంట రుణం ఇవ్వరు. కౌలు రైతు కమీషన్ వ్యాపారి గడప తొక్కుతాడు. అక్కడ రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. యాభై వేలు ఆరు నెలలు వాడుకుంటే 6,000 వడ్డీ. బ్యాంకులో 7 శాతం లెక్కన 1,750 అయ్యేది. పైగా అప్పిచ్చినవాడికే ధాన్యం తోలాలి, అతను చెప్పిన ధరకే ఒప్పుకోవాలి. సాగుకని పెట్టిన రాయితీ సాగు చేయనివారికి అందడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

దీన్ని సరిదిద్దాలనే 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. అందులో యజమాని సంతకం తప్పనిసరి చేయలేదు. అయినా ఆ పొలం మీద యజమాని రుణం అప్పటికే ఉంటే కార్డు పట్టుకెళ్లినా బ్యాంకులో పని జరిగేది కాదు. 2019లో దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. యజమానుల భయం తీరాలని ఒప్పందాన్ని 11 నెలలకే పరిమితం చేసి, వారి సంతకం తప్పనిసరి చేశారు. భయం మాత్రం తీరలేదు. సంతకం పెడితే యజమానికి ఒరిగేదేమీ లేదు, పెట్టకపోతే పోయేదీ లేదు. పెట్టుబడి సాయమూ పంట రుణమూ తన పేరుతోనే వస్తుంటే ఆయన ఎందుకు పెడతాడు?

మంచి ఉద్దేశం ఇలా ఎదురు తిరగడానికి మైక్రోఫైనాన్స్ సంస్థల సంగతి కూడా చూడు. వారం వారం వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల వార్తల నడుమ 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం వాటికి కళ్లెం వేసే ఆర్డినెన్స్ తెచ్చింది. వేధింపులను ఆపి తీరాల్సిందే. కాని బకాయిల చెల్లింపులు దాదాపు నిలిచిపోయాయి, బ్యాంకులు ఆ సంస్థలకు డబ్బివ్వడం మానేశాయి, కొత్త అప్పులు ఆగిపోయాయి. ఆ అప్పులు తీసుకునే ఆడవాళ్ల అవసరాలు మాత్రం ఆగలేదు. డ్వాక్రా సంఘం అప్పు చాలనివాళ్లకు మళ్లీ వడ్డీ వ్యాపారే దిక్కయ్యాడు.

ఇవన్నీ చూసి చట్టాలే వద్దనుకోకు. చట్టం లేనినాడు బలహీనుడికి నోరే ఉండదు. నియమం రాసేవారు బాధితుడి కష్టంతో పాటు సంతకం పెట్టాల్సినవాడి భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక దారి మూస్తే ఆ అవసరం ఏ దారిన పోతుందో ముందే ఆలోచించాలి. నా మటుకు నాకు, పొలం హక్కునూ పంట అప్పునూ విడదీయాలనిపిస్తుంది. చేలో ఉన్న పంటను చూసి, దాన్ని వేసినవాడికే అప్పివ్వాలి.

నీ ప్రాజెక్టుకు ఒక ఊరు ఎంచుకో. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో సాగుదారులుగా నమోదైనవారెందరో, పంట రుణం పొందినవారిలో నిజంగా సాగు చేస్తున్నవారెందరో కనుక్కో. ఈ-క్రాప్‌లోనూ పేరు లేని కౌలుదార్లుంటారు, వాళ్ల కోసం ఇల్లిల్లూ తిరుగు. తీర్పు రాసేముందు యజమానుల మాట కూడా ఓపిగ్గా విను.

ఆశీస్సులతో,
తాతయ్య