ఉబార్ దొరికిందా?

మా హాస్టల్ నోటీసు బోర్డు మీద జనరల్ నాలెడ్జి మూలలో ఒక వారం మేమే ఇలా రాశాం: "ఇసుకలో కూరుకుపోయిన ఉబార్ నగరాన్ని 1992లో ఉపగ్రహాల సాయంతో కనుగొన్నారు." పోటీ పరీక్షలకు బిట్టుగా బాగానే ఉంది. కానీ ఆ తర్వాత చదివిన కొద్దీ అందులో సగమే నిజమని తెలిసింది. తప్పు రాసింది మేమే కాబట్టి దిద్దాల్సిందీ మేమే.

మన వాళ్లు ఎందరో పనికి వెళ్లే మస్కట్ ఒమన్‌లో ఉంది. ఆ దేశానికి దక్షిణాన ధోఫార్ కొండలు. అక్కడ ఒక రకం చెట్టు బెరడు చెక్కితే పాలలాంటి జిగురు కారి గడ్డకడుతుంది. బాల యేసుకు జ్ఞానులు తెచ్చారని బైబిలులో ఉన్న సాంబ్రాణి ఇలాంటిదే. (మన ఇళ్లలో పొగవేసేది ఎక్కువగా వేరే చెట్టుది.) రోము, ఈజిప్టు గుళ్లలో దానికి గొప్ప గిరాకీ. ఒంటెల మీద ఎడారి దాటించి గాజా రేవుకు చేర్చేవారు. బిడారు ఆగాలంటే నీళ్లుండాలి. నీళ్లున్న చోట సంత, కోట వెలుస్తాయి. అలా బాగా సంపాదించి గర్వించిన ఒక ఊరు దైవకోపంతో ఇసుకలో కలిసిపోయిందని అరబ్బుల కథ. ఖురానులోని స్తంభాల ఇరమ్ అదేనని కొందరంటారు.

1930-31లో బెర్ట్రమ్ థామస్ అనే ఆంగ్లేయుడు రుబ్ అల్ ఖాలీ ఎడారి దాటుతుండగా, వెంట ఉన్న బెదూయిన్లు పాత బాట చూపించి అది ఉబార్‌కు పోయే దారి అన్నారు. 1932లో ఫిల్బీ ఆ ఊరి కోసమే వెళ్తే దొరికినవి ఉల్కలు పడిన గుంతలు! పాపం, ఎంత నిరాశో.

తర్వాత నికొలస్ క్లాప్ అనే సినిమా దర్శకుడు నాసా శాస్త్రవేత్తలను కలిశాడు. 1984లో చాలెంజర్ నౌక రాడార్‌తో తీసిన చిత్రాలు, ఆపైన ఉపగ్రహ చిత్రాలు పరిశీలించారు. నగరమేదీ కనబడలేదు, ఒంటెల బాటలు కనబడ్డాయి. కొన్ని బాటలు పెద్ద ఇసుక దిబ్బ కిందికి పోయి అవతల తేలుతున్నాయి. అంటే దిబ్బ కంటే బాట పాతది. మాకు అన్నిటికన్నా నచ్చింది ఈ తర్కమే.

బాటలు పట్టుకుని పోతే షిస్ర్ అనే నీటి గుంట వచ్చింది. అది అక్కడి వాళ్లకు ఎప్పుడూ తెలిసిన చోటే! జూరిస్ జారిన్స్ బృందం తవ్వితే బురుజులున్న కోట గోడలు బయటపడ్డాయి. కోటలో కొంత భాగం పెద్ద గోతిలోకి కూలి ఉంది. కింద సున్నపురాతి గుహ పైకప్పు కుంగిపోయిందన్నమాట. ఊరు భూమిలోకి దిగిపోయిందన్న కథకు ఇదే మూలం కావచ్చు.

కానీ అది చిన్న కోట, మహానగరం కాదు. ఉబార్ అని చెప్పే శాసనం ఒక్కటీ దొరకలేదు. ఉబార్ ఒక ఊరి పేరు కాదు, ఒక ప్రాంతం పేరని తర్వాత జారిన్స్ గారే అన్నారు. 2000లో యునెస్కో మాత్రం షిస్ర్‌ను సాంబ్రాణి సీమలో భాగంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బోర్డు మీద ఇప్పుడిలా రాశాం: "1992లో దొరికింది షిస్ర్ కోట. అదే ఉబార్ అని రుజువు కాలేదు." రెండు వాక్యాలైనందుకు సుద్దముక్క కాస్త ఎక్కువే అరిగింది.