ఆటలాడు బిడ్డల మోకాటి నొప్పి

పండ్రెండు పదమూడేండ్ల పిల్లవాడు ఖోఖో ఆడి వచ్చి మోకాలు నొచ్చుచున్నదనును. “ఎదిగే వయసు, అదే పోతుందిలే” అని దుకాణమునుండి తండ్రి. “ఆటలు మాన్పించండి” అని నాయనమ్మ. నాందేడులోని మన ఇండ్లలో తరచు వినబడు ఈ రెండు మాటలలోను సగము సగమే నిజము.

ఇట్టి నొప్పులలో తరచు కనబడునది ఆస్‌గుడ్-ష్లాటర్ వ్యాధి. బోస్టనులో ఆస్‌గుడ్, జ్యూరిచ్‌లో ష్లాటర్ అను వైద్యులు 1903లో వేరువేరుగా దీనిని వర్ణించిరి. పేరు చూచి బెదరనక్కరలేదు. తొడ ముందరి కండరము మోకాటిచిప్ప మీదుగా దిగి ముంగాలి ఎముక పైభాగమున అంటుకొనును. ఎదుగు వయస్సులో ఆ చోటు ఇంకను గట్టిపడని మెత్తని ఎముక. ఎముక త్వరగా పెరిగి కండరము బిగుసుకొనియుండగా, దినదినము పరుగులు, దుముకులు ఆ చోటును లాగుచుండును. అందుచే నొప్పి, వాపు. ఆడపిల్లలకు ఒకటి రెండేండ్లు ముందుగానే రావచ్చును.

గుర్తించుట సులభము. ఎక్కడ నొప్పి యని అడిగిన బిడ్డ చిప్పక్రింది బుడిపెపై ఒక్క వ్రేలు పెట్టి చూపును. మెట్లెక్కిన, మోకరిల్లిన హెచ్చును, విశ్రాంతిచే తగ్గును. ఇంతవరకైన ఎక్స్‌రే చాలవరకు అవసరముండదు.

అయితే రాత్రి నిద్రలేపు నొప్పి, జ్వరము, కీలంతయు వాచుట, దెబ్బ తగిలిన వెంటనే నిలువలేకపోవుట ఉన్నచో ఆలస్యము చేయరాదు. మరొకటి ముఖ్యము: తుంటిలోని జబ్బు మోకాటి నొప్పిగా తోచవచ్చును. తుంటిబంతి జారిన బిడ్డ కుంటుచు, పాదము వెలుపలికి త్రిప్పి నడచును. అట్టివానిని నడిపింపక ఆ దినమే విష్ణుపురిలోని ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి వంటి చోటికి తీసికొనిపోవలెను.

ఆటలు పూర్తిగా మాన్పనక్కరలేదు, తగ్గింపవలెను. స్వల్పమైన నొప్పి మరునాటి ఉదయమునకు పోయిన ఆడవచ్చును, కుంటిన ఆపవలెను. ఆట తరువాత గుడ్డలో చుట్టిన మంచుముక్క పది పదిహేను నిమిషములు పెట్టవలెను. తొడ ముందరి, వెనుకటి కండరములను నెమ్మదిగా సాగదీయు వ్యాయామము ప్రతిదినము చేయించుట మేలు. అక్కడ స్టీరాయిడ్ సూది వేయింపరాదు. ఉపవాసదినమున ఖాళీ కడుపుతో నొప్పిమాత్రలు మ్రింగింపరాదు. పాలిటాణాలో మూడువేలకు పైబడిన మెట్లను నవ్వాణు యాత్రకై మరల మరల ఎక్కించు తలంపున్నచో, బిడ్డ మోకాలు కుదుటపడువరకు వాయిదా వేయుడు.

కొందరికి వారములలో, కొందరికి ఏడాది రెండేండ్లలో తగ్గును. ఎదుగుదల ముగిసిన పిమ్మట చాలమందికి పోవును. బుడిపె మిగిలినను హాని లేదు. దేరాసరములో మోకరిల్లునపుడు నొచ్చినచో క్రింద మడత దుప్పటి వేసికొనవచ్చును.