ఆకాశం నుంచి చూస్తే మన చెరువు కథ తెలుస్తుంది

గట్టు మీద నిలబడితే మన చేను, పక్క చేను, మహా అయితే చెరువు కట్ట కనబడతాయి. ఆ చెరువులోకి నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, దారిలో ఎక్కడ ఆగిపోతున్నదో మాత్రం కనబడదు. అది తెలియాలంటే ఆకాశం మీది నుంచి చూడాలి. ఉపగ్రహాలు తీసిన చిత్రాలను ఇప్పుడు చిత్రానికంటూ పైసా కట్టకుండా ఫోనులోనే చూడొచ్చు. వింతకోసం చూసేవారే ఎక్కువ. కాస్త ఓపిక పెడితే రైతుకు ఇది పనికొచ్చే చదువు.

ఎలా చూడాలి?

'గూగుల్ ఎర్త్' 2005 నుంచి అందుబాటులో ఉంది. మన ఇస్రో సంస్థ 2009లో 'భువన్' ప్రారంభించింది. ఈ రెండింటిలో ఏది తెరిచినా సరే. ఫోను వాడటం అంతగా రాకపోతే చదువుకునే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఊరి పేరు, మండలం పేరు కొట్టి వెతకాలి. రెండు వేళ్లతో తెరను విడదీస్తే చిత్రం పెద్దదవుతుంది. అయితే మన ఊరికి వచ్చే ముందు రెండు దూరపు చోట్లు చూసి రండి. నీటి విషయంలో మనం చేసే తప్పులే అక్కడ పెద్ద ఎత్తున జరిగాయి.

ఎడారిలో పచ్చని పళ్లేలు

సౌదీ అరేబియా ఉత్తరాన 'వాదీ అస్ సిర్హాన్' అనే ప్రాంతం ఉంది. పైనుంచి చూస్తే ఇసుకలో పచ్చని పళ్లేలు పేర్చినట్టు వందల కొద్దీ గుండ్రని మళ్లు కనబడతాయి. చక్రాల మీద నిలిచిన పొడవాటి పైపు ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ నీరు చల్లుతుంది. అందుకే మడి గుండ్రంగా ఉంటుంది. ఆ నీరు లోతు బోర్లది. వేల ఏళ్ల కిందట భూమిలో చేరిన నీరది. ఇప్పుడు అక్కడ పడే కొద్దిపాటి వాన దాన్ని తిరిగి నింపలేదు. 1980 దశకంలో ప్రభుత్వం మంచి ధర ఇచ్చి గోధుమ పండించింది, ఎగుమతి కూడా చేసింది. భూగర్భ జలం తరిగిపోతుండటంతో 2008లో గోధుమ కొనుగోళ్లను ఏటేటా తగ్గించాలని నిర్ణయించింది. ఆ దేశంలో పచ్చని వలయాల పక్కనే ఎండిపోయిన వలయాల గుర్తులు కూడా చూడొచ్చు.

పత్తి తాగేసిన సముద్రం

కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్ దేశాల నడుమ ఉన్న అరల్ సముద్రం 1960 నాటికి ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. దాన్ని నింపే ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని సోవియట్ ప్రభుత్వ కాలంలో ఎక్కువగా పత్తి సాగుకు మళ్లించారు. పైన నీరు ఆగింది, కింద సరస్సు ఎండింది. 2014లో దక్షిణ భాగంలోని తూర్పు పాయ పూర్తిగా ఎండిపోయింది. ఒకప్పటి రేవు పట్టణం మొయ్‌నాక్‌లో పడవలు ఇసుకలో పడి ఉన్నాయి. గూగుల్ ఎర్త్‌లోని 'టైమ్‌ల్యాప్స్' తెరిస్తే 1984 నుంచి ఏడాది వెంట ఏడాది ఆ సరస్సు ఎలా చిక్కిపోయిందో కళ్లకు కడుతుంది. అయితే ఉత్తరాన 2005లో కట్ట పూర్తి చేయడంతో ఆ భాగంలో నీరు మళ్లీ పెరిగింది. నీటికి దారి చూపి, అడ్డుకట్ట వేస్తే తిరిగి వస్తుందనడానికి ఇదే రుజువు.

పెద్దలు చూసిన చూపు

ఇప్పుడు మన దగ్గరికి రండి. ములుగు జిల్లా లక్నవరం చెరువును వెతకండి. చుట్టూ గుట్టలు. మూడు సన్నని సందుల్లో మాత్రం చిన్న చిన్న కట్టలు. మిగతా పని గుట్టలే చేస్తున్నాయి. ఉపగ్రహాలు లేని కాకతీయుల కాలంలోనే నేల వాలు ఎరిగి ఆ చోటు ఎంచుకున్నారు. కట్ట ఎంత పొడుగన్నది కాదు, నీరు ఎటు నడుస్తుందన్నదే వాళ్లు చూశారు.

మీ చెరువును ఇలా చదవండి

విల్లులా వంగి గీత గీసినట్టున్న అంచు కట్ట. దాని కిందున్న పచ్చదనం ఆయకట్టు. రెండో వైపు వేళ్లు చాచినట్టున్నది శిఖం. ఆ వేళ్ల కొసల నుంచి పైకి వెళ్లే సన్నని గీతలే వాగులు, కాలువలు. ఒక్కొక్క గీతను పట్టుకుని పైకి పోండి. చాలా చోట్ల పైన ఇంకో చెరువు, దానిపైన మరొకటి కనబడతాయి. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది.

గీత ఉన్నట్టుండి తెగిపోయిన చోటే అసలు సంగతి. అక్కడ కాలువను దున్ని చేనులో కలుపుకుని ఉండొచ్చు, రోడ్డు అడ్డం వచ్చి ఉండొచ్చు, కల్వర్టు పూడి ఉండొచ్చు. ఆ చోట్లను కాగితం మీద రాసుకోండి. చెరువు నిండకపోతే చుట్టుపక్కల బోర్లకూ ఊట తగ్గుతుంది. అప్పుడు ఇంకో వంద అడుగులు లోతుకు పోవడం అప్పు మీద అప్పే.

జాగ్రత్తలు

చిత్రం ఇప్పటికిప్పుడు తీసింది కాదు, నెలలు, ఏళ్ల కిందటిది కావొచ్చు. చిత్రం తేదీ చూడండి. వేసవి చిత్రాన్ని వేసవితోనే, వానాకాలం చిత్రాన్ని వానాకాలంతోనే పోల్చాలి. ఒక్క కరువు ఏడు చూసి తీర్పు చెప్పొద్దు. నీటి మీద పచ్చగా కనబడేదంతా పైరు కాదు, గుర్రపుడెక్క కావొచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, ఫోనులో కనబడే గీత చూసి పక్క రైతుతో హద్దు తగాదా పెట్టుకోవద్దు. చిత్రం కొన్ని గజాలు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు. హద్దు తేల్చవలసింది సర్వేయరు కొలతే.

వానలకు ముందే ఈ పని చేయండి. ఆయకట్టు రైతులు నలుగురు కలిసి, రాసుకున్న కాగితం పట్టుకుని కాలువ వెంట నడిచి రండి. చేతనైనంత పూడిక మీరే తీయండి. కానిది గ్రామ పంచాయతీకి, నీటిపారుదల శాఖకు చోటుతో సహా అర్జీ పెట్టండి. "చెరువు నిండటం లేదు" అంటే వినేవారు తక్కువ. "ఫలానా చోట కాలువ తెగింది, ఇదిగో చిత్రం" అంటే తోసిపుచ్చడం అంత తేలిక కాదు.