మేనల్లునికి లేఖ



నీ యుత్తరము చేరినది. వేలూరు పునరావాసకేంద్రమున ఉదయమెల్ల ఫిజియో నిన్ను మ్యాట్‌పై పొర్లించుటయు, సాయంకాలము చక్రాల కుర్చీలో కూర్చుండబెట్టి విల్లు చేతికిచ్చుటయు నీకు వింతగా నున్నదనియు, కాళ్లు పడిపోయినవారికి ఆటలేమిటని పక్కమంచము కుఱ్ఱవాడు నవ్వుచున్నాడనియు వ్రాసితివి.

ఆ విల్లునకు చరిత్ర కలదు. నాజీల బాధ పడలేక జర్మనీ విడిచివచ్చిన లుడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు 1944లో ఇంగ్లండునందలి స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము దెబ్బతిన్న సైనికుల విభాగమునకు పెద్దయై, అంతవఱకు ఒత్తిడిపుండ్లచేతను మూత్రకోశవ్యాధులచేతను రాలిపోవుచుండిన ఆ యువకులను రెండు గంటలకొకసారి రాత్రింబవళ్లు పక్కకు త్రిప్పించి బ్రతికించి, బ్రతికినవారిని ఊరకుండనీయక ఆడించెను. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్సు ఆరంభమైన నాడే, అచటి పచ్చికపై 16 మంది కుర్చీలలో కూర్చుండి బాణములు వేసిరి. పారాలింపిక్సునకు మూలమదియే.

విల్లే యెందుకనగా, భుజమునుండి వీపు మీదుగా కటివఱకు వ్యాపించిన పెద్ద కండరమొకటి కలదు. దాని నాడులు మెడనుండి వచ్చును గావున, నడుము దిగువ స్పర్శ పోయినను అది చావదు. నీ వశమున లేని కటిని నీ వశముననున్న భుజమునకు కట్టియుంచు మోకది. నారి లాగినప్పుడెల్ల అది బలపడును, మొండెము నిలుకడ నేర్చుకొనును. ఆ నిలుకడయే రేపు మంచమునుండి కుర్చీలోనికి మాఱునపుడు నిన్ను పడనీయదు. మ్యాట్‌పై ఇరువదిసార్లు చేయుటకు విసిగెడి చేయి, పక్కవాని నోడింపవలెనన్న పట్టుదలలో నలువదిసార్లు లాగును. గుట్‌మన్ కిటుకంతయు నిదియే యని నా నమ్మకము.

అయినను ఆటలో మునిగి, చేతులపై బరువు మోపి పిరుదులను కుర్చీనుండి పైకెత్తు పని మఱవకుము; రాత్రి అద్దము పట్టి చర్మము ఎఱ్ఱబారినదేమో చూచుకొనుము. పుండు పడినచో నెలలకొలది బోరగిల పరుండవలెను.

పతకముల మాట యెత్తువారిని దూరముగా నుంచుము. యుద్ధమున గుండ్లు తగిలిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గు పారాలింపిక్సున ఈతలో స్వర్ణము గెలిచిన మాట నిజమే. మీ అమ్మను ఊరడించుటకు ఆయన పేరు వాడుకొనుము గాని, నీ నెత్తిన బరువుగా నెక్కించుకొనకుము. నాకు అంతకన్న డాక్టర్ మేరీ వర్గీస్ కథ దగ్గఱగా తోచును: 1954లో కారు ప్రమాదమున నడుము దిగువ చచ్చుబడిన ఆమె, ఆ వేలూరులోనే కుర్చీలో కూర్చుండి కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసినది.

ఇక ఇంటి సంగతి. మన అరుగెత్తు 18 అంగుళములు. అంగుళమునకు అడుగు చొప్పున 18 అడుగుల వాలు వలయునని మేస్త్రీతో చెప్పితిని. వాకిట అంత చోటు లేదు, మధ్య ఒక మలుపు త్రిప్పవలెను. స్నానపుగది తలుపు కూడ వెడల్పు చేయింతును. నీ కుర్చీ ఒక చక్రము బయటి అంచునుండి రెండవ చక్రము బయటి అంచునకు ఎన్ని అంగుళములున్నదో కొలిపించి, సోమవారములోగా వ్రాయుము.