పరీక్షాశాలలో చేరనున్న అమ్మాయికి

  

నీ ఉత్తరము చేరినది. ఉస్మానియాలో సూక్ష్మజీవశాస్త్రమున ఎం.ఎస్సీ. ముగించి, మాదాపూరు సమీపమున ఒక ఆహార పరీక్షాశాలలో ఉద్యోగము సంపాదించియు, తోడి విద్యార్థినులు సాఫ్ట్‌వేరు నేర్చి హైటెక్ సిటీ మేడలలో పెద్ద జీతములకు కుదురుకొనుచుండగా నీవొక్కతెవే పెట్రీ పళ్ళెముల నడుమ వెనుకబడిపోవుదువేమోనని సంశయించి నా అభిప్రాయము నడిగితివి. ఈ వృత్తిలో మొదటి జీతము తక్కువే. దానిని దాచి హితవు చెప్పుట నాకిష్టము లేదు. అయినను చేరుమనియే నా మాట.

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఆ ప్రాంతమున నేడు లక్షల మంది యువతీయువకులు, వంట చేసికొను తీరిక లేక, హాస్టలు భోజనమును, ఆఫీసు క్యాంటీనును, ఫోనులో ఆర్డరు పెట్టగా వచ్చు పొట్లమును నమ్ముకొని జీవించుచున్నారు. ఎవరు వండిరో, ఎప్పుడు వండిరో, ఎంతసేపు ఎక్కడ ఉంచిరో ఎరుగని ఆ అన్నమును గూర్చి వారికి నిజము తెలియు దారి పరీక్షాశాల తప్ప వేరొకటి లేదు. 2024 అక్టోబరులో నగరమున మోమోలు తిని పలువురు అస్వస్థులై ఒకరు మరణించిన పిదప, పచ్చి గ్రుడ్డుతో చేయు మయొనైజును తెలంగాణ ప్రభుత్వము ఒక సంవత్సరము పాటు నిషేధించిన సంగతి నీవెరుగుదువు. నిషేధించుట ప్రభుత్వపు పని. గిన్నెలో ఏమున్నదో చెప్పుట నీ పని.

ఈ పనిలో నీకు మొదట ఎదురగునది కాలము. సాల్మొనెల్లా పరీక్షనే తీసికొనుము. 25 గ్రాముల నమూనాను తూచి, 225 మిల్లీలీటర్ల పెప్టోన్ ద్రావణములో కలిపి, 37 డిగ్రీల వేడిమిలో సుమారు 18 గంటలు ఉంచుట యెందుకనగా, వేపుడు వేడికో, ఎండబెట్టుటకో, ఫ్రీజరు చలికో దెబ్బతిని కొనయూపిరితోనున్న క్రిములు ముందు తేరుకొనవలెను. తేరుకొనక మునుపే ఇతర క్రిముల నణచు కఠిన మాధ్యమములో వేసితివేని, అవియు అందే నశించి, ఉన్నది లేనట్లు కనబడును. ఆ పిదప ఆ కఠిన మాధ్యమమున 41.5 డిగ్రీల వద్ద ఒక దినము, ఎక్స్‌ఎల్‌డి అగారుపై ఇంకొక దినము గడచినగాని, ఎర్రని పళ్ళెముపై నల్లని నడిబొడ్డు గల ఆ కాలనీలు కంటబడవు. కంటబడినను, జీవరసాయన పరీక్షలును సీరం పరీక్షయు ముగియనిదే వానికి పేరు పెట్టరాదు. పీసీఆర్ యంత్రములు ఈ వ్యవధిని తగ్గించినవి గాని, క్రిములు తేరుకొను గంటలను అవియు పూర్తిగా తొలగింపజాలవు. పది నిమిషములలో సరుకు గుమ్మము చేరు ఆ ప్రాంతమున, సాయంత్రమునకే రిపోర్టు కావలెనని ఫోను చేయువారు నీకు తప్పక తగులుదురు. వారికి మర్యాదగా బదులు చెప్పుము. ఇంక్యుబేటరు గడువును మాత్రము కుదింపకుము.

ఉన్నదని వ్రాయుటకంటె లేదని వ్రాయుట బరువైన పని. ఉన్నదన్నప్పుడు పళ్ళెమే సాక్ష్యము చెప్పును. లేదన్నప్పుడు సాక్ష్యము నీ శ్రద్ధ యొక్కటే: నమూనా చల్లని పెట్టెలోనే వచ్చెనా, ఆటోక్లేవులో 121 డిగ్రీలు పదునైదు నిమిషములు నిలిచినవా, తెలిసిన క్రిమిని వేసి పెట్టిన కంట్రోలు పళ్ళెములో ఆ క్రిమి నిజముగా పెరిగినదా? అది పెరుగని దినమున నీవు చూచిన ‘లేదు’లన్నియు చెల్లవు, అన్నిటిని తిరిగి చేయవలసినదే. మరియొక సంగతి. నేను పరీక్షాశాలలో పనిచేసిన కాలమున ఫలితము మార్చుమని నోరు తెరచి అడిగినవారు అరుదు. "ఇంకొక నమూనా పంపెదము, మొదటిదానిని మరచిపొండు" అని అడిగినవారే పెక్కురు. రెండవ నమూనాను సంతోషముగా పుచ్చుకొనుము, దానికి వేరొక సంఖ్య వేయుము, మొదటి సంఖ్యను రిజిస్టరు నుండి కదల్పకుము.

ఇది పరిశోధన కాదు, యాంత్రికమైన పని యని నీ స్నేహితురాలు అన్నదట. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, నేడు తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ చరిత్రను ఆమెకు చెప్పుము. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామములలో కామెర్లు వ్యాపించి నూరుమందికి పైగా మరణించినప్పుడు, అదే తిండి తిన్న కుక్కలకు సైతము ఆ వ్యాధియే సోకినదని గమనించి, అకాల వర్షమునకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్‌ను పట్టుకొని, కారణమును లోకమునకు వెల్లడించినది ఆ సంస్థ శాస్త్రజ్ఞులే. ఊరూర తిరిగి గింజలు సేకరించి తెచ్చి పరీక్షించినందువలననే అది తేలినది.

నీ ఎదుటనే అట్టి ప్రశ్న లెన్నో కలవు. రాత్రి మిగిలిన అన్నమును హాస్టలు వంటవాడు లోతైన డేగిసాలోనే విడిచినచో, పైన చేయి పెట్టిన చల్లగా తగిలినను, నడుమ అన్నము గంటల తరబడి గోరువెచ్చగానే యుండును; ఉడుకునకు చావని బాసిల్లస్ సీరియస్ బీజములు అచ్చట మొలకెత్తి పెరుగును; వాంతి కలిగించు దాని విషము మరునాడు వేడి చేసినను పోదు. వెడల్పైన పళ్ళెములలో పలుచగా పరచి చల్లార్చినచో ఎంత తేడా వచ్చును? మన ఇండ్లలో పెరుగు కలిపి ఉంచిన చద్దన్నమున ఆ పులుపు ఈ క్రిమిని ఏ గంటకు ఎంతవరకు అణచును? కొండాపూరు, గచ్చిబౌలి వంటశాలల నుండి వచ్చు నమూనాలను ఓపికతో పోల్చి చూచినవారికి ఇందు పరిశోధన కొరత లేదు.

ఇక చేయవలసినవి. ఆహార భద్రతా ప్రమాణముల చట్టము, 2006ను, 2011 నాటి నియమములను తెచ్చుకొని చదువుము. నాచారములోని రాష్ట్ర ఆహార పరీక్షాశాలను వీలైనచో ఒకసారి చూచి రమ్ము. చేరబోవు పరీక్షాశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఏయే పరీక్షలకు కలదో ముందుగా అడిగి తెలిసికొనుము, అడుగుటకు మొగమాటపడకుము. ఆహార విశ్లేషణలో మూడేండ్ల అనుభవము నిండినవారికి ఫుడ్ అనలిస్టు పరీక్షకు అర్హత కలుగును. ఆ మూడేండ్లు నిండిన సంవత్సరమే పరీక్షకు కూర్చుండుము; వాయిదా వేయకుము. చేరు తేదీ నిశ్చయమైన వెంటనే జాబు వ్రాయుము.

ఇట్లు,
నీ పెద్దనాన్న