కల్పిత నౌకకూ కొలతలుంటాయి

ఉద్యోగమంతా బడిలో డ్రాయింగ్ చెప్పడంతోనే గడిచింది. రాకెట్లకీ, సినిమాల్లో వచ్చే అంతరిక్ష నౌకలకీ నమూనాలు చేయడం మాత్రం ఆ ఉద్యోగం కంటే పాతది, ఇప్పటికీ వదల్లేదు. అల్లూరు పిల్లలు కొందరు సాయంత్రాలు మా వరండాలో చేరి ఈ పని నేర్చుకుంటున్నారు. వాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పే మాటలు ఇక్కడ వరసగా రాసి పెడుతున్నాను.

1. ముందు నిజం రాకెట్ ఒకటి చేయండి. కల్పిత నౌక జోలికి తర్వాత పోవచ్చు.

శ్రీహరికోట మనకు దక్షిణాన నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఆకాశం తేటగా ఉండి, రాత్రి ప్రయోగమైతే మేడ మీద నుంచే మంట కనిపిస్తుంది. నేను పిల్లల చేత మొదట ఎల్‌వీఎం3 చేయిస్తాను. దాని ఎత్తు 43.5 మీటర్లు. మధ్య భాగం వ్యాసం 4 మీటర్లు, రెండు పక్కలా ఉండే ఎస్200 బూస్టర్లు 3.2 మీటర్లు, తలమీది ఉష్ణకవచం 5 మీటర్లు. 1:100లో ఇవి 40, 32, 50 మిల్లీమీటర్లు అవుతాయి. మోటారు కొట్టంలోనూ, రొయ్యల గుంటల గట్ల మీదా ముక్కలుగా పడి ఉండే పీవీసీ పైపుల సైజులు సరిగ్గా ఇవే! వాటిని బయటి వ్యాసం లెక్కన అమ్ముతారు కాబట్టి ఇంకే సర్దుబాటూ అక్కర్లేదు. పీఎస్ఎల్‌వీకి మాత్రం కొంచెం శ్రమ ఉంది. దాని మొదటి దశ 2.8 మీటర్లు, ఆ సైజు పైపు దొరకదు. 25 మిల్లీమీటర్ల పైపు మీద అట్ట చుట్టి 28కి తేవాలి. దాని తలకు 32 పైపు సరిపోతుంది.

ఒంటి కంటే తల ఎందుకు లావని పిల్లలు తప్పకుండా అడుగుతారు. లోపల ఉపగ్రహం పట్టాలి గనక. ఆ ప్రశ్న అడిగిన పిల్లవాడు రెండో పాఠానికి సిద్ధమైనట్టే.

2. పని లేని వివరం అతికించకండి.

ఈ విద్యలో నాకు తెలిసిందంతా ఈ ఒక్క మాటే. ‘స్టార్ ట్రెక్’ ఎంటర్‌ప్రైజ్ నౌకను 1964లో గీసిన మ్యాట్ జెఫ్రీస్ రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల్లో పనిచేసినవాడు, స్వయంగా పైలట్. అంత శక్తి పుట్టించే ఇంజన్లు ప్రమాదకరంగానే ఉంటాయి, మనుషులకు దూరంగా ఉంచాలనుకున్నాడు. అందుకే అవి పొడుగాటి కమ్ముల చివర వెనక్కి పోయాయి. ఒంటిని నున్నగా ఉంచడానికీ కారణం ఉంది. యంత్రాలన్నీ లోపలుంటే మరమ్మతుకు ఎవరూ బయటికి పోనక్కర్లేదు. ఆ నౌక ఏ ఇంధనంతో నడుస్తుందో చూసేవాడికి తెలియకపోయినా, దాన్ని తయారుచేసినవాడు తెలిసే చేశాడని అర్థమవుతుంది.

1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో డిస్కవరీ నౌక ఇంకా మంచి ఉదాహరణ. మనుషులుండే గోళం ముందు చివర, అణు రియాక్టరు వెనక చివర, మధ్యలో సన్నటి పొడవాటి వెన్ను. రేడియేషన్‌కు దూరమే మందు. మొదటి నమూనా చిత్రాల్లో వేడిని వదిలేసే పెద్ద రేకులు కూడా ఉండేవి. అంతరిక్షంలో గాలి లేదు, రియాక్టరు వేడి కిరణాలుగా పోవాల్సిందే గనక అవి అవసరం. కానీ ప్రేక్షకులు వాటిని రెక్కలనుకుంటారని తీసేశారు. స్టాన్లీ కుబ్రిక్ గొప్ప దర్శకుడే, అయినా ఈ ఒక్క విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. మీరు డిస్కవరీ చేస్తే ఆ రేకులు పెట్టే చేయండి. చూసినవాళ్లు రెక్కలా అని అడిగితే కూర్చోబెట్టి చెప్పండి.

3. మనిషిని మర్చిపోతే కొలత పోతుంది.

కథలో ఎంటర్‌ప్రైజ్ పొడవు 289 మీటర్లు. 1:1000లో చేస్తే 28.9 సెంటీమీటర్లు, బల్ల మీద హాయిగా పడుతుంది. అందులో మనిషి ఎత్తు 1.7 మిల్లీమీటర్లు. కిటికీ ఎంతుండాలో ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. పెన్సిలంత లావు కిటికీ పెట్టారంటే మహానౌక కాస్తా ఆటోరిక్షా అయిపోతుంది.

4. మన సినిమాలవి చేయండి.

‘ఆదిత్య 369’ తీసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన జిల్లా ఉదయగిరిలో పుట్టినవారు. 1991 జులై 18న విడుదలైన ఆ సినిమాలో కాలయంత్రం మనుషుల్ని రాయలవారి కాలానికీ, అక్కణ్ణుంచి 2504కీ తీసుకుపోతుంది. శ్రీహరికోట నుంచి ఎస్ఎల్‌వీ-3 మొదటిసారి విజయవంతంగా రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిందీ జులై 18నే, 1980లో. ఆ రెండు తేదీలూ కలవడం నాకు భలే ఇష్టం.

కిట్ కోసం వెతుకుతూ కూర్చోకండి. 2025 ఏప్రిల్‌లో సినిమాను మళ్లీ విడుదల చేశారు, ఇప్పుడు బొమ్మ స్పష్టంగా ఉంది. యంత్రం పక్కన మనిషి నిటారుగా నిలబడిన చోట ఆపండి. ఆ మనిషిని 175 సెంటీమీటర్లనుకుని, యంత్రం అతనికి ఎన్ని రెట్లుందో స్కేలుతో కొలవండి. ముందు, పక్క, వెనక మూడు వైపులా ఇలాగే చేసి గ్రాఫ్ కాగితం మీద గీయండి. ‘కల్కి 2898 ఏడీ’లో బుజ్జి కారుకీ ఇదే పద్ధతి. ముందు రెండు చక్రాలు, వెనక గోళం లాంటి ఒక్క చక్రం. ఆ గోళంతోనే మొదలుపెట్టండి, మిగతా ఒళ్లంతా దాని మీద ఆధారపడి ఉంది.

5. ప్లాస్టిక్ ఒక్కటే దారి కాదు.

ఏటికొప్పాకవాళ్లు అంకుడు కర్రను తరిణి పట్టి, లక్క పూసి తీసే నునుపు రాకెట్ ముక్కుకు చక్కగా కుదురుతుంది. కొండపల్లి బొమ్మల తెల్లపొణికి తేలిక, చాకుకు సులువుగా లొంగుతుంది. టీవీ కోసం చేసిన అసలు ఎంటర్‌ప్రైజ్‌లోనూ చాలా భాగం కొయ్యే.

6. సముద్రపు గాలితో జాగ్రత్త.

కార్తీక మాసం వానల్లో స్ప్రే పెయింట్ కొట్టకండి. తేమ పట్టి రంగు మీద తెల్లటి పొర తేలుతుంది. పారదర్శకమైన కిటికీలకు ఫెవిక్విక్ వాడితే దాని ఆవిరికి అవి బూజరబారిపోతాయి. అక్కడ తెల్ల ఫెవికాలే వాడండి, ఆరాక అద్దంలా ఉంటుంది. ఎంటర్‌ప్రైజ్ చేస్తే ఇంజన్లు బరువై వాలిపోకుండా కమ్ముల్లో స్టీలు తీగ పెట్టండి. ఇనుప తీగ మన ఊళ్లో తుప్పు పట్టి రంగులోంచి బయటికొస్తుంది.

7. కనపడని వైపు కూడా పూర్తి చేయండి. పాతదాన్ని మాత్రం కొత్తగా చేయకండి.

టీవీలో చూపిన ఆ 11 అడుగుల ఎంటర్‌ప్రైజ్‌కు ఎడమ వైపు పని పూర్తి చేయలేదు. దీపాల తీగలు అటు నుంచే పోయేవి, కెమెరా కుడి వైపే ఉండేది. టీవీకి అది చెల్లుతుంది. ఇంట్లో పెట్టుకునే బొమ్మను పిల్లలు చుట్టూ తిరిగి చూస్తారు, కిందికి వంగి కూడా చూస్తారు. 1974లో అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరిన ఆ నమూనాను 2016కి మళ్లీ బాగుచేశారు. పళ్లెం లాంటి పైభాగం మీద 1960ల నాటి రంగు మిగిలి ఉంటే, దాన్ని ముట్టుకోకుండా మిగతా భాగాలకు ఆ రంగునే కలిపి పూశారు. ఆ ఓపిక చూసి నాకు వాళ్ల మీద ఎంతో గౌరవం కలిగింది.

అందుకే స్టాండు అడుగున మీ పేరు, తేదీ, నిష్పత్తి, వాడిన రంగుల డబ్బాల నంబర్లు రాసి పెట్టండి. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా బాగుచేయాలనుకుంటే ఆ నాలుగూ వాళ్లకు కావాలి.