పట్టిక సంగతి తర్వాత, ముందు నీ సంగతి చెప్పు

చి. అమ్మలుకు,

నువ్వు పంపిన సదస్సుల పట్టిక అందింది. బెర్లిన్, బ్యాంకాక్, కేప్‌టౌన్, మధ్యలో దుబాయ్ హోటళ్లలో జరిగేవి రెండు మూడు. వీటన్నిటికీ తిరిగితే ఉద్దానానికి నువ్వే చుట్టపుచూపుగా వెళ్లాల్సొస్తుంది. "వీటిలో దేనికి వెళ్తే మంచిది పెద్దమ్మా?" అని అడిగావు. దానికి జవాబు చెప్పేముందు నేనొకటి అడుగుతాను. కిడ్నీ పరీక్షల క్యాంపుల పని మీద కవిటి, సోంపేట మండలాల్లో ఇన్నాళ్లుగా తిరుగుతున్నావు కదా, ఇది ఎవరికైనా చెప్పి తీరాలి అనిపించిన సంగతి ఏది? అది తేలితే సగం పట్టిక దానంతటదే రాలిపోతుంది.

ఆ సంగతి నీ దగ్గర ఉందనే నా నమ్మకం. సంక్రాంతికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర నువ్వే అన్నావు, క్యాంపులో క్రియాటినిన్ ఎక్కువ వచ్చినవాళ్లు రెండోసారి పరీక్షకు రావడం లేదని. కిడ్నీ జబ్బు పాతుకుందని తేల్చాలంటే మూడు నెలలు గడిచాక చూసినా అదే తీరు కనిపించాలి. మొదటి పరీక్ష ఒక్కటే పట్టుకుని ఊళ్లో ఇంతమందికి జబ్బుందని రాస్తే లెక్క పెరుగుతుంది. రెండోసారి రానివాళ్లను వదిలేస్తే లెక్క తగ్గుతుంది. ఉద్దానం పేరెత్తగానే అందరూ నీళ్లలో ఏముంది, మట్టిలో ఏముంది అని అడుగుతారు. ఏళ్ల తరబడి వెతుకుతున్నా దానికి ఖాయమైన జవాబు దొరకలేదు, అది తేల్చడం నీ పనీ కాదు. కానీ జీడితోటలో కూలికి వెళ్లే మనిషి రెండోసారి ఎందుకు రాలేదో ఢిల్లీలో కూర్చున్న నెఫ్రాలజిస్టు కన్నా నీకే బాగా తెలుసు. "రిపోర్టు చేతికి తీసుకుంటే మా పిల్లకి సంబంధం రాదమ్మా" అని మందస దగ్గర ఒకావిడ నీతో అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. అదీ నీ సరుకు.

ఇప్పుడు ఆ సరుకు ఎవరికి కావాలో చూడు. శ్రీలంకలో అనురాధపురం, పొలొన్నరువ జిల్లాల వరి రైతులు, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు కూలీలు ఇలాంటి జబ్బుతోనే పోతున్నారు. షుగరూ బీపీ లేని మనుషులు, ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు. అక్కడి క్షేత్రంలో తిరిగేవాళ్లకూ నీ చిక్కే ఉంటుంది. ఇలాంటి ప్రాంతాల్లో పనిచేసేవాళ్లను కలపడానికే అంతర్జాతీయ నెఫ్రాలజీ సొసైటీ ఒక బృందాన్ని నడుపుతోంది. ఆ సొసైటీ ప్రపంచ మహాసభ 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలోనే జరిగింది. అప్పటికి నువ్వింకా ఈ పనిలో లేవు, పోనీలే. అక్కడ సమర్పించిన పత్రాల సారాంశాలు వెతికి, శ్రీలంక వాళ్లు రాసినవి ముందు చదువు. నచ్చిన పత్రం రాసినవాళ్లకు నాలుగు వాక్యాల మెయిల్ పెట్టు. నేరుగా ప్రశ్న అడిగితే జవాబిచ్చేవాళ్లు నువ్వనుకునేదానికన్నా ఎక్కువమందే ఉంటారు. ఆ పరిచయానికి విమానం టికెట్ అక్కర్లేదు.

ఇక పెద్ద సభల సంగతి. బెర్లిన్‌లో ఏటా అక్టోబరులో జరిగే ప్రపంచ ఆరోగ్య శిఖరాగ్ర సభలో మంత్రులు, పెద్ద సంస్థల అధిపతులు వేదిక మీద మాట్లాడతారు. నీలాంటివాళ్లు వెనక వరసలో కూర్చుని ఫొటోలు తీసుకుంటారు. దాన్ని కొట్టెయ్. ప్రజారోగ్య సంఘాల ప్రపంచ మహాసభ వేరు. అది 2015లో కోల్‌కతాలో జరిగింది, 2023లో రోమ్‌లో, ఆ తర్వాతిది 2026లో కేప్‌టౌన్‌లో. క్షేత్రంలో పనిచేసేవాళ్లకు అందులో చోటుంటుంది. వద్దనను, కానీ సొంత డబ్బు పెట్టుకుని మాత్రం వెళ్లకు. సామాజిక అభివృద్ధి మీద ఐక్యరాజ్యసమితి 1995లో కోపెన్‌హాగన్‌లో, మళ్లీ 2025 నవంబరులో దోహాలో జరిపిన శిఖరాగ్ర సభలు ప్రభుత్వాల వ్యవహారం. వాటి తీర్మానాలు చదువుకుంటే చాలు.

అలాగని పెద్ద సభలన్నీ ఉత్త హడావుడే అనను. 2019లో ఊపిరితిత్తుల ఆరోగ్యంపై యాభయ్యో ప్రపంచ సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది, నేనూ వెళ్లాను. ఎం72 అనే కొత్త టీబీ టీకా ప్రయోగ ఫలితాలు ఆ రోజుల్లోనే వెలువడ్డాయి, పేపర్లన్నీ దాని గురించే రాశాయి. నాకు మాత్రం పెద్ద వార్త రెండోది. టీబీ రాకుండా వారానికోసారి చొప్పున మూడు నెలలు వేసే రైఫాపెంటిన్ కోర్సు ధరను సనోఫీ కంపెనీ 45 డాలర్ల నుంచి 15కు దించుతున్నట్టు అక్కడ ప్రకటించారు. దాని వెనక ఏళ్ల తరబడి గొంతు చించుకున్న కార్యకర్తలున్నారు, వాళ్లు ఆ హాల్లోనే ఉన్నారు. సభకు వెళ్లాల్సింది అలా, అడగాల్సిందేదో తెలిసి. ఖాళీ చేతులతో వెళ్లినవాళ్లు బ్యాగు, డైరీ, పెన్నుతో తిరిగొస్తారు.

నీకు సరిపోయేవి చిన్నవి. భారత ప్రజారోగ్య సంఘం 1956 నుంచీ ఉంది, ఏటా జాతీయ సభ జరుపుతుంది. కమ్యూనిటీ మెడిసిన్ నిపుణుల సంఘం సభలూ ఉన్నాయి, వాటి రాష్ట్ర శాఖల సభలు ఇంకా నయం. ఫీజు తక్కువ, రైలెక్కితే చేరిపోతావు, నీ మాట వినే తీరిక జనానికి ఉంటుంది. వీటన్నిటికన్నా నాకిష్టమైనది మెడికో ఫ్రెండ్ సర్కిల్ వార్షిక సమావేశం. 1974లో మొదలైన బృందం అది, చాలాసార్లు సేవాగ్రామ్‌లో కలుస్తారు. ఒక అంశం ఎంచుకుని వ్యాసాలు ముందే పంచుతారు. సభలో చదవడాలుండవు, వాదించుకోవడమే. శాలువాల్లేవు, జ్ఞాపికల్లేవు. పేరున్న డాక్టరునైనా అక్కడ నిన్నగాక మొన్న చేరిన నర్సు నిలదీయొచ్చు. ఒక్కసారి వెళ్లి చూడు.

పట్టికలో నువ్వు ఎర్ర చుక్క పెట్టిన దుబాయ్ సదస్సు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. "డియర్ డాక్టర్, మీ అమూల్యమైన పరిశోధన చూసి ముగ్ధులమై ముఖ్య వక్తగా ఆహ్వానిస్తున్నాం" అని వచ్చిందట. నువ్వు డాక్టరువి కాదు, పరిశోధన ఇంకా అచ్చు కాలేదు. మరి దేన్ని చూసి ముగ్ధులయ్యారు? సదస్సు పేరులో కిడ్నీ, నర్సింగ్, దంతవైద్యం, పర్యావరణం అన్నీ కలిపి ఉన్నాయి. సారాంశం పంపిన రెండో రోజే అంగీకారం వచ్చింది, వెంటనే డబ్బు కట్టమన్నారు. ఇలాంటి దోపిడీకి మన హైదరాబాదే ఒకప్పుడు పేరు మోసింది. ఇక్కడి నుంచి నడిచిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. వస్తామని ఒప్పుకోని పండితుల పేర్లు చూపించి సదస్సులకు జనాన్ని లాగారన్నది ఆరోపణల్లో ఒకటి. 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. కాబట్టి ఇలాంటి పిలుపు వచ్చినప్పుడల్లా నిర్వాహక సంఘంలో ఉన్న ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్లు పనిచేసే విశ్వవిద్యాలయం చిరునామాకు రాసి అడుగు. కిందటేడు ఆ సభ ఎక్కడ జరిగిందో, అక్కడికి వెళ్లివచ్చిన మనిషి ఎవరున్నారో ఆరా తీయి. ఒక్కరూ దొరక్కపోతే అర్థం చేసుకో.

సరే, ఇక సదస్సుకు పంపే నీ సారాంశం సంగతి. నువ్వు పంపిన చిత్తుప్రతి "దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ప్రపంచవ్యాప్తంగా ఒక ప్రధాన ప్రజారోగ్య సమస్యగా పరిణమించింది" అని మొదలైంది. సారాంశాలు వడపోసే మనిషి ఆ పూట అలాంటివి గుట్టలుగా చూసి ఉంటాడు. ఉన్నవి మూడొందల మాటలు, అందులో ముప్ఫై ప్రపంచానికి ధారపోశావు. మొదటి వాక్యంలోనే పలాస చుట్టుపక్కల ఊళ్లు రావాలి. ఏ నెల నుంచి ఏ నెల దాకా చూశావు, ఎంతమందికి ఈజీఎఫ్ఆర్ అరవై కంటే తక్కువ వచ్చింది, వాళ్లలో మూడు నెలల తర్వాత ఎంతమంది తిరిగొచ్చారు, రానివాళ్లలో ఎంతమంది ఇళ్లకు వెళ్లి కలిశావు, వాళ్లేమన్నారు. ఇంతే రాయి. "తగు చర్యలు తీసుకోవాలి" అని ముగించావు చూడు, అది కొట్టేసి, రెండో పరీక్షకు రక్తం ఇంటి దగ్గరే తీస్తే ఏమవుతుందో నువ్వు చూసిన రెండు ఊళ్ల సంగతి పెట్టు.

చిన్న సంఖ్య అని సిగ్గుపడకు. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు గడ్చిరోలిలో రెండు ఊళ్లు, 650 మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 1989లో లాన్సెట్‌లో వచ్చింది. వాళ్లలో నూటికి 92 మందికి స్త్రీ వ్యాధులున్నాయని తేలింది. పల్లెటూరి ఆడవాళ్ల ఆరోగ్యమంటే కాన్పు, కుటుంబ నియంత్రణే అనుకునే రోజులవి. రెండు ఊళ్లే కదా అని ఎవరూ పక్కన పెట్టలేకపోయారు, ఎందుకంటే ఆసుపత్రికి వచ్చినవాళ్లను కాదు, ఊళ్లోని ఆడవాళ్లనే చూశారు.

పంపేముందు మూడు కాగితాలు దగ్గర పెట్టుకో. ఎథిక్స్ కమిటీ అనుమతి సంఖ్య ఒకటి. సారాంశం పెట్టేటప్పుడే అడుగుతారు, పని అయిపోయాక అనుమతి పుట్టించడం కుదరదు. లెక్కలు మీ సంస్థవి కాబట్టి వాడుకోవచ్చని రాతపూర్వక సమ్మతి రెండోది. మూడోది రచయితల పేర్ల జాబితా, ఇప్పుడే అందరితో మాట్లాడి ఒప్పించుకోవాలి. ఇక్కడ ఒక మాట. ఇల్లిల్లూ తిరిగి ఆ మనుషుల్ని వెతికి పట్టింది ఆశా కార్యకర్తలు. కృతజ్ఞతల్లో "క్షేత్ర సిబ్బందికి ధన్యవాదాలు" అని ఒక్క ముక్క రాసి వదిలేసే అలవాటు మన రంగంలో ఉంది, నాకది సుతరామూ నచ్చదు. ప్రశ్నపత్రం మార్చమని చెప్పి, ఎలా మార్చాలో కూడా చూపించిన ఆశా పేరు రచయితల్లో ఎందుకుండకూడదు? రాసిన ప్రతిని ఆవిడకు తెలుగులో చదివి వినిపించు, సరేనంటే పేరు పెట్టు.

డబ్బు విషయం. పేరున్న అంతర్జాతీయ సదస్సులు చాలావరకు మన లాంటి దేశాలవాళ్లకు కొన్ని స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. వాటి గడువు చాలాసార్లు సారాంశం గడువుతోనే ముగుస్తుంది. అంగీకారం వచ్చాక అడుగుదాంలే అనుకునేవాళ్లే ఎక్కువ, అందుకే పోగొట్టుకుంటారు. ఐసీఎంఆర్ తన సంస్థల బయటివాళ్లకూ ప్రయాణ సాయం చేస్తుంది, సమాజశాస్త్రం వైపు నుంచి ఐసీఎస్‌ఎస్‌ఆర్ ఉంది. అర్హతల కాగితం అక్షరం అక్షరం చదువు, కాంట్రాక్టు ఉద్యోగులకు వర్తిస్తుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కో. వీసా ఇంకో గండం. 2022లో మాంట్రియల్‌లో జరిగిన ఎయిడ్స్ సదస్సుకు పిలుపందుకున్న ఎంతోమంది ఆఫ్రికావాళ్లు కెనడా వీసా రాక సభకే దూరమయ్యారు. ఎవరి జబ్బు గురించి సభో వాళ్లే లేరన్నమాట. అప్లై చేశాక వీసా ఫీజు తిరిగి రాదు, వీసా వచ్చేదాకా టికెట్టు కొనకు.

సదస్సులు పక్కన పెడితే, నీ వయసుకు అంతకన్నా పనికొచ్చేవి నేర్చుకునే అవకాశాలు. చెన్నైలో ఐసీఎంఆర్ నడిపే జాతీయ ఎపిడెమియాలజీ సంస్థలో క్షేత్ర లెక్కలు ఎలా కట్టాలో నేర్పుతారు. నీ బలహీనత అక్కడే ఉంది, కోపం తెచ్చుకోకు. బెంగళూరులో సొచారా వాళ్ల సామాజిక ఆరోగ్య ఫెలోషిప్ ఇప్పుడు నడుస్తోందేమో కనుక్కో. గడ్చిరోలిలో బంగ్ దంపతుల నిర్మాణ్ శిబిరాలున్నాయి. హైదరాబాద్‌లో ప్రజారోగ్య సంస్థ, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ పెట్టే పొట్టి కోర్సులు చూస్తూ ఉండు. పరిశోధకులకు నిధులిచ్చే ఇండియా అలయెన్స్ కార్యాలయం కూడా హైదరాబాద్‌లోనే ఉంది, ముందు ముందు పీహెచ్‌డీ అయ్యాక వాళ్ల ఫెలోషిప్పుల వైపు చూడొచ్చు, ఇప్పుడు తొందరపడకు.

ఎక్కడ ఆమోదం వచ్చినా, మొదటిసారి చెప్పేది మాత్రం అక్కడ కాదు. పీహెచ్‌సీలో ఆశా డే రోజున మెడికల్ ఆఫీసరును పావుగంట అడిగి, పోస్టరు తెలుగులో గోడకు అంటించి చెప్పు. అక్కడ కూర్చున్నవాళ్లు నీ లెక్కలో తప్పు పట్టుకుంటారు: ఫలానా ఊళ్లో ఆ నెలంతా జనం జీడిపిక్కలు ఏరడానికి పోయారు, అందుకే రాలేదు, భయం వల్ల కాదు అంటారు. అది ఏ విదేశీ ప్రొఫెసరూ పట్టలేని తప్పు. దిద్దుకుని అప్పుడు రైలెక్కు.

సభలో నీ పోస్టరు పక్కన నిలబడాల్సిన గంట నిలబడు, టీ దగ్గరికి పారిపోకు. జీతాలు, ఉద్యోగాల కబుర్లు అక్కడే వినపడతాయన్నది నిజమే, ఆశ ఉంటే తప్పేం కాదు. మీ అమ్మ కూడా అదే అడుగుతోంది, ఈ తిరుగుళ్లతో పర్మనెంటు ఎప్పుడవుతుందని. ఆమెకు నేను ఫోన్ చేసి చెప్తాలే.

దుబాయ్ వాళ్లకు డబ్బు కట్టలేదు కదా? కట్టి ఉంటే బ్యాంకుకు ఇవాళే ఫోన్ చెయ్. సారాంశం రెండో ప్రతి ఆదివారంలోగా పంపు. నేను ఎర్రసిరాతోనే దిద్దుతాను, ముందే చెప్తున్నా. పాస్‌పోర్టు గడువు ఎప్పటిదాకా ఉందో కూడా ఒకసారి చూసుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ